క్యారియర్ కట్టినట్టే... సాఫ్ట్‌వేర్!

'ఇంట్లో బాగానే పనిచేసింది సార్!'

ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్న మా పక్కింటి కుర్రాడు ల్యాబ్‌లో ఈ మాట అంటే అంతా నవ్వారట. వాళ్ల నాన్నకు కిరాణా కొట్టుంది. అరువు లెక్కలు చూసుకోవడానికి ఓ ప్రోగ్రామ్ రాసి, దాన్నే ప్రాజెక్టుగా పెట్టాడు. ఇంట్లో చకచకా నడిచిన ప్రోగ్రామ్ కాలేజీలో మొరాయించింది. కారణం చిన్నదే. రెండుచోట్లా పైథాన్ వెర్షన్లు వేర్వేరు!

ఇలాంటి తంటాలకు మందే 'కంటెయినర్'. అన్నం, కూర, పెరుగు అన్నీ సర్ది అమ్మ క్యారియర్ కట్టిస్తే ఎక్కడ మూత తీసినా అదే భోజనం కదా! ఇదీ అంతే. ప్రోగ్రామ్‌తోపాటు దానికి కావాల్సిన సరంజామానంతా ఒకేచోట సర్దేస్తారు. 2013లో వచ్చిన 'డాకర్' ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది. ఆదేశాలు టైపు చేసే బాధ లేకుండా మౌస్‌తోనే చాలా పనులు కానిచ్చేందుకు 'డాకర్ డెస్క్‌టాప్' ఉంది.

ముందు ఇవి చూడండి

64 బిట్ విండోస్ 11, కనీసం 8 జీబీ ర్యామ్ ఉంటే మేలు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, ఆపైన సీపీయూ నొక్కండి. 'వర్చువలైజేషన్' ఎదురుగా 'ఎనేబుల్డ్' అని ఉండాలి. లేకపోతే కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే!

డాకర్ అధికారిక సైట్ నుంచే ఫైల్ దించుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'డబ్ల్యూఎస్ఎల్ 2' అన్న చోట టిక్కు తీయకండి. విండోస్‌లో లినక్స్‌ను నడిపించే ఏర్పాటు అది. పూర్తయ్యాక కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. డాకర్ తెరిచి, పైనున్న సెర్చ్‌లో 'హలో-వరల్డ్' అని వెతికి, 'రన్' నొక్కండి. లాగ్స్‌లో పలకరింపు కనిపించిందా... మీ పని అయినట్టే!

పని ముగిశాక కిటికీ మూసేస్తే సరిపోదు. కింద గడియారం పక్కనున్న తిమింగలం బొమ్మపై రైట్‌క్లిక్ చేసి 'క్విట్' కొట్టండి. లేదంటే వెనకాల ర్యామ్ తింటూనే ఉంటుంది.

సొంత వాడకానికి, చదువుకు ఇది ఉచితమే. 250 మందీ అంతకుమించి ఉద్యోగులున్నా, ఏడాది ఆదాయం కోటి డాలర్లు దాటినా ఆ సంస్థలు డబ్బు కట్టాలి. కాబట్టి ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టేముందు అడిగి పెట్టండి. పూర్తి ఉచితం కావాలంటే 'పాడ్‌మాన్ డెస్క్‌టాప్' ఉంది.

అసలు జాగ్రత్త ఇదీ!

మనవాడి కథ అక్కడితో అయిపోలేదు. కంటెయినర్‌తో ప్రాజెక్టు గట్టెక్కింది. ఇంట్లో వాళ్ల చెల్లి రెండు వారాలు కూర్చుని కొట్టు లెక్కలన్నీ అందులోకి ఎక్కించింది. ఓ రోజు డిస్క్‌లో చోటు చాలడం లేదని అతగాడు పాత కంటెయినర్‌ను డిలీట్ చేశాడు. దాంతోపాటే లెక్కలన్నీ హుష్‌కాకి!

కంటెయినర్‌ను ఆపితే లోపలి డేటా ఎక్కడికీ పోదు. డిలీట్ చేస్తే మాత్రం క్యారియర్ కడిగేసినట్టే. అందుకే మొదటిసారి 'రన్' నొక్కేటప్పుడే 'ఆప్షనల్ సెట్టింగ్స్' తెరవండి. అందులో 'వాల్యూమ్స్' దగ్గర మీ కంప్యూటర్‌లోని ఫోల్డర్‌నూ, ప్రోగ్రామ్ డేటా దాచుకునే చోటునూ జతచేయండి. అప్పుడు కంటెయినర్ పోయినా లెక్కలు మీ ఫోల్డర్‌లో భద్రం. ఆ ఫోల్డర్‌కు ఓ కాపీ పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచండి.

ఇంతకీ ఆ లెక్కలు ఏమయ్యాయంటారా? నాన్నగారి ఎర్ర అట్ట ఖాతా పుస్తకం గల్లాపెట్టెలో క్షేమంగా ఉంది. చెల్లి మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. ఈసారి అన్నయ్య పక్కన కూర్చుని చదివి వినిపిస్తున్నాడు!