ఒకే పంక్తిలో

అంతియొకయ సంఘంలో యూదులూ, అన్యజనులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోజనం చేసేవారు. అపొస్తలుడైన పేతురు కూడా వారితో కలిసే తిన్నాడు. ఇంతలో యెరూషలేము నుండి కొందరు యూదులు వచ్చారు. వారేమనుకుంటారోనన్న భయంతో పేతురు మెల్లగా వెనక్కి తగ్గాడు. అతణ్ణి చూసి మిగతా యూదులు, చివరికి బర్నబా కూడా అదే దారి పట్టారు (గలతీ 2:11-14). పేతురు ఎవరినీ దూషించలేదు, గెంటెయ్యలేదు. పక్కకు తప్పుకున్నాడు, అంతే! కానీ అది సువార్త సత్యానికే విరుద్ధమంటూ పౌలు అందరి ముందూ అతణ్ణి నిలదీశాడు.

ఆ బల్ల నేడు సర్కారు బడి వరండాలో ఉంది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో, ఒక ప్రభుత్వ పాఠశాలలో దళిత మహిళ వండిన మధ్యాహ్న భోజనాన్ని అగ్రవర్ణాల పిల్లలు ముట్టలేదు. నియామకంలో లోపముందంటూ అధికారులు ఆమెనే తొలగించారు. విషయం రచ్చకెక్కాక తిరిగి పనిలోకి తీసుకున్నారు. ఆ పసివాళ్ళకు అంటరానితనం నేర్పింది బడి పుస్తకాలు కాదు, ఇంట్లోని పెద్దలు.

చట్టాలు లేకనా? అస్పృశ్యతను రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. మధ్యాహ్న భోజనం వండేవారి నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బలహీన వర్గాల పిల్లలు వివక్షకు గురికాకుండా చూసే బాధ్యతను 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రభుత్వాలపై పెట్టింది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని కూడా చెప్పింది. చట్టం వంటమనిషికి ఉద్యోగమిస్తుంది, పిల్లవాడికి కంచం ఇస్తుంది. పక్కన కూర్చోవలసింది మాత్రం మనుషులే.

ఈ పరీక్ష తెలుగు క్రైస్తవులకు కొత్త కాదు. ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి మాదిగలు విశ్వాసులై వస్తున్నప్పుడు, వారిని చేర్చుకుంటే తాము రామని అగ్రవర్ణాలవారు అన్నారు. ఆయనా, ఆయన భార్యా ఎవరికివారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఎదురైనది ఒకే భాగం: లోకం నీచులుగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట (1 కొరింథీ 1:26-29). వారు బీదల పక్షాన నిలిచారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అలాంటి వారసత్వం గల మనమే పెళ్ళి సంబంధాల్లో, సంఘ ఎన్నికల్లో, చివరికి సమాధుల తోటలో కులం చూస్తే పేతురును మించిపోయినట్టే! ఆదివారం ఒకే రొట్టెలో పాలు పంచుకుని, సోమవారం పక్కవాడి కంచానికి దూరం జరగడం వేషధారణ కాదా?

మన సంఘాల్లో ఉపాధ్యాయులున్నారు, వంట చేసే అక్కలున్నారు, తల్లిదండ్రులున్నారు. ఉపాధ్యాయుడు పిల్లల పంక్తిలో కూర్చుని అదే అన్నం తింటే, అది వంద ప్రసంగాలతో సమానం. తల్లిదండ్రులు కమిటీ సమావేశానికి వెళ్ళాలి. బడిలో ఎవరి పక్కన కూర్చున్నావని బిడ్డను అడగాలి. అవమానం పాలైనది మన బిడ్డయినా, ముస్లిం బిడ్డయినా, వికలాంగుడైన బిడ్డయినా ఒకేలా నోరు విప్పాలి.

అంతియొకయలో తప్పు చేసిన పేతురులు చాలామంది, నిలదీసిన పౌలు ఒక్కడే. మీ ఊరి బడిలో ఆ ఒక్కరు మీరవుతారా?