కట్టేసి ఊరుకోవద్దు: కస్టమ్స్ పట్టిన బంగారం, 90 రోజుల గడువు



పోయిన వారం మన గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరిగింది. "కస్టమ్స్ వాళ్ళు బంగారం పట్టుకుంటే అడిగింది కట్టేసి బయటపడు, ఎదురు రాస్తే పీఆర్‌కే ఎసరు" అని. చెప్పినాయన మంచికే చెప్పి ఉంటాడు. కానీ ఆ మాట విని ఊరుకున్నవాళ్ళ డబ్బు పోతోంది.

ముందు మన తప్పు మనం ఒప్పుకుందాం. కెనడాలో స్థిరంగా ఉంటున్న మనిషి 48 గంటలు దాటి బయట ఉండి వస్తే 800 డాలర్ల వరకే మినహాయింపు. 4,000 డాలర్ల గొలుసు తెచ్చి, అడిగినప్పుడు చెప్తే పన్ను కట్టి ఇంటికి పోతాం. చెప్పకుండా దొరికితే విలువలో 25 నుంచి 80 శాతం దాకా పెనాల్టీ. అంటే 1,000 నుంచి 3,200 డాలర్లు. "మెడలో వేసుకుంటే ఎవరూ అడగరు" అన్న సలహా కూడా మన గ్రూపుల్లోనే పుట్టింది. సిగ్గుపడాలి.

తప్పు లేనివాళ్ళ సంగతి వేరు. మనకు తెలిసిన ఒక అక్క పెళ్ళినాటి పుస్తెలతాడు, గాజులు వేసుకుని ఊరికి వెళ్ళి, అవే వేసుకుని వచ్చింది. ఎయిర్‌పోర్టులో కొత్తగా కొన్నవనుకున్నారు. చేతిలో కాగితం లేదు. క్రెడిట్ కార్డు గీకి వస్తువులు తెచ్చుకుంది. వాయిస్ మెసేజ్ విని నోరు మూసుకుంది. పెళ్ళి ఫొటోలు ఊరి నుంచి వచ్చేసరికి 110 రోజులు.

కస్టమ్స్ చట్టం 117వ సెక్షన్ ఏమంటుంది? పట్టిన సరుకును డబ్బు తీసుకుని తిరిగి ఇవ్వొచ్చు. విలువ, సుంకం కలిపి మొత్తం కట్టాలి, లేదా మంత్రి నిర్ణయించిన తక్కువ మొత్తం. మంత్రి ఒప్పుకుంటే డబ్బుకు బదులు హామీ అయినా చెల్లుతుంది. (మందు సీసాలు, బీడీ కట్టలు పొరపాటున పట్టినవైతే తప్ప తిరిగి రావు. వాటి మీద ఆశ వదులుకోండి.)

మరి కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టా? కాదు! 129వ సెక్షన్ చదవండి. సరుకు పోయినవాళ్ళే కాదు, 117 కింద డబ్బు కట్టినవాళ్ళు కూడా 90 రోజుల్లో మంత్రి నిర్ణయం కోరవచ్చని అందులోనే రాసి ఉంది. ఆ జవాబు నచ్చకపోతే మళ్ళీ 90 రోజుల్లో ఫెడరల్ కోర్టు. అడగకుండా కూర్చుంటే మాత్రం, చట్టం లెక్కలో ఆ సొత్తు తప్పు జరిగిన క్షణం నుంచే సర్కారుది.

చట్టం ఇచ్చిన హక్కు వాడుకుంటే పీఆర్ పోతుందని ఏ సెక్షన్‌లో ఉందో ఆ వాయిస్ మెసేజ్ పెట్టినాయన చూపించాలి. ఊరుకుంటేనే నష్టం: తప్పు చేసినట్టు రికార్డు మన పేరు మీద ఉంటుంది, తర్వాత వచ్చిన ప్రతిసారీ పెట్టెలు విప్పించే అవకాశం ఎక్కువ.

చట్టం బంగారంలా ఉందని నేననడం లేదు. హామీ అన్న మాట ఎవరి కోసం? దిగుమతి కంపెనీలు ష్యూరిటీ బాండు పెట్టి, సుంకం తర్వాత కట్టే షరతు మీద సరుకు ముందే విడిపించుకుపోతాయి. అది సీజ్ అయిన సరుకు విషయం కాదు, తెలుసు. కానీ వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు చేసేవాడికి బాండు ఎవడు రాసిస్తాడు? వాడికున్న హామీ క్రెడిట్ కార్డు ఒక్కటే, దాని వడ్డీ వాడి నెత్తినే. ఇండియా చట్టంలో 110ఎ సెక్షన్ కూడా బాండు, హామీ అనే అంటుంది. అక్కడా పేదోడిది ఇదే పాట్లు. వాయిదాల్లో కట్టనివ్వాలని, 90 రోజుల మాట రసీదుతో పాటు మన భాషలో చెప్పాలని మనం అడగాలి. ఎంపీ ఆఫీసుకు ఇచ్చే అర్జీ రాస్తున్నాం, సంతకాలు కావాలి.

ఆ అక్క కథ అయిపోలేదు. 90 రోజులు దాటినా, ఆ తర్వాత ఏడాదిలోపు కారణం చూపి గడువు పెంచమని అడగొచ్చు. మొన్న ఆదివారం ముగ్గురం కూర్చుని ఆమె అర్జీ రాసి, ఫొటోలు జతచేసి పంపాం. జవాబు ఇంకా రాలేదు.

ఈ శీతాకాలం ఊరికెళ్ళేవాళ్ళు నగలకు ఇక్కడే విలువ కట్టించి, ఆ కాగితం, ఫొటోలు వెంట ఉంచుకోండి. ఇప్పటికే ఎవరికైనా సీజర్ రసీదు ఇచ్చి ఉంటే, మీద ఉన్న తేదీ చూసి ఈ రాత్రికే అడ్మిన్‌కు ఫోన్ చేయండి.