16 ఓట్ల దూరంలో...

రాజధాని లేదు. విమానాశ్రయం లేదు. రాజకీయ పార్టీ అన్నది మచ్చుకైనా లేదు. అయినా అక్కడ మూడేళ్లకోసారి ఎన్నికలు జరుగుతాయి. ఏడాదికోసారి ప్రభుత్వాధినేత మారిపోతారు. 'మన దీవుల్ని మనమే పాలించుకుందామా?' అని అక్కడి జనం రెండుసార్లు ఓటేశారు. రెండుసార్లూ 'సరే' అన్నవాళ్లే ఎక్కువ. కానీ రెండుసార్లూ 'సరే' ఓడిపోయింది!

ఆ విచిత్రం జరిగిన చోటు టోకెలావ్. పసిఫిక్ మహాసముద్రంలో న్యూజిలాండ్‌కీ హవాయికీ మధ్య, సమోవాకు ఉత్తరంగా దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో ఉన్న మూడు పగడపు దీవులవి. పేర్లు... అటాఫు, నుకునోను, ఫకావోఫో. మూడింటి నేలా కలిపితే పట్టున పన్నెండు చదరపు కిలోమీటర్లే. జనాభా సుమారు పదిహేను వందలు. మన దగ్గరైతే ఓ చిన్న పంచాయతీ అంత! 1926 నుంచి ఈ దీవులు న్యూజిలాండ్ పాలనలో ఉన్నాయి. అక్కడి వాళ్లంతా న్యూజిలాండ్ పౌరులే, వాడేది ఆ దేశపు డాలరే. బయటి నుంచి రావాలంటే సమోవా రాజధాని ఆపియాలో ఓడెక్కాలి. అలల మీద ఒక రోజు పైనే ప్రయాణం.

వంతులవారీ అధినేత

టోకెలావ్‌లో ప్రతి దీవీ ఒక ఊరే. ఊరి వ్యవహారాలు చూసేది 'తౌపులెంగ' అనే పెద్దల సభ. పాఠశాల నుంచి చేపలవేట దాకా అసలు అధికారం దానిదే. దాంతోపాటు మూడేళ్లకోసారి ప్రతి దీవిలోనూ ఇద్దరిని ఓటేసి ఎన్నుకుంటారు. ఒకరు 'ఫైపులే'... బయటి ప్రపంచంతో దీవి తరఫున మాట్లాడే నాయకుడు. రెండోవారు 'పులెనుకు'... ఊరి బాగోగులు చూసే మేయర్. ఈ ఆరుగురూ కలిస్తే మంత్రివర్గం! మూడు దీవులకూ కలిపి 'జనరల్ ఫోనో' అనే చట్టసభ ఉంటుంది. జనాభాను బట్టి దీవికి ఇన్ని స్థానాలని పంచుతారు. 1996లో న్యూజిలాండ్ చేసిన చట్టంతో ఈ సభకు సొంతంగా చట్టాలు చేసే అధికారం వచ్చింది.

మరి ముగ్గురు ఫైపులేల్లో ప్రభుత్వాధినేత ఎవరు? దానికి పోటీ ఉండదు. ఏడాదికొకరు చొప్పున వంతులు వేసుకుంటారు. ఆ పదవి పేరు 'ఉలు', అంటే 'తల' అని అర్థం. ఈ ఏడాది తల ఒక దీవిదైతే వచ్చే ఏడాది ఇంకో దీవిది. ఉలు ఏ దీవి వారైతే ఆ ఏడాది ప్రభుత్వ కేంద్రం అదే. అందుకే టోకెలావ్‌కు రాజధాని లేదు, అవసరమూ రాలేదు.

ఈ వంతుల పద్ధతి వాళ్లకు కొత్తేం కాదు. ఊరంతా కలిసి వేటకెళ్లి తెచ్చిన చేపల్ని ఒకచోట పోసి, ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కచూసి అందరికీ పంచే ఆచారం ఈ దీవుల్లో తరతరాలుగా ఉంది. దాని పేరు 'ఇనాటి'. వలలో చేయి వేసినవాడికీ వేయలేని ముసలివాళ్లకీ వాటా అందుతుంది. చేపల్లో వాటాలున్నట్టే అధికారంలోనూ వంతులన్నమాట.

ఎక్కువమంది అంటే సరిపోదు!

అలాంటి చోటికి 2006లో పెద్ద ప్రశ్న వచ్చింది. న్యూజిలాండ్ పాలన నుంచి బయటికొచ్చి, ఆ దేశంతో స్నేహబంధం ఉంచుకుంటూనే స్వయంపాలన చేసుకోవాలా, వద్దా? కుక్ దీవులు, నియువే అప్పటికే ఆ దారిలో నడుస్తున్నాయి. న్యూజిలాండ్ కూడా కాదనలేదు. పౌరసత్వం పోదు, సాయం ఆగదని చెప్పింది.

ఫిబ్రవరిలో ఓటింగ్ జరిగింది. ముందు ఆపియాలో ఉంటున్న టోకెలావ్ వాళ్లు ఓటేశారు. తర్వాత ఒక దీవి అయ్యాక ఇంకో దీవిలో. ఐక్యరాజ్యసమితి ప్రతినిధులు దగ్గరుండి చూశారు. 60 శాతం మంది స్వయంపాలన కావాలన్నారు. వేరే ఏ ఎన్నికలోనైనా అది ఘనవిజయమే. కానీ ఇక్కడ నియమం వేరు... మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఆ గీత గీసింది దీవుల చట్టసభే. అంత పెద్ద నిర్ణయానికి సగానికి ఒకటెక్కువ చాలదనుకున్నారు.

2007 అక్టోబరులో మళ్లీ ఓటేశారు. ఈసారి అనుకూలం 446, వ్యతిరేకం 246. శాతంలో చెబితే 64 దాటింది. కావలసింది మాత్రం 462. అంటే, పదహారు ఓట్లు తగ్గాయి! రెండు మూడు కుటుంబాలు మనసు మార్చుకుని ఉంటే మూడు దీవుల తలరాతే వేరుగా ఉండేది.

వద్దన్నవాళ్లకూ కారణాలున్నాయి. ఆసుపత్రులు, బడులు, ఓడలు... అన్నీ న్యూజిలాండ్ సొమ్ముతో నడిచేవే. ఇప్పుడు మాటిచ్చినా, రేపు ఆ సాయం తగ్గితే? పైగా న్యూజిలాండ్‌లో స్థిరపడ్డ టోకెలావ్ వాళ్లు అప్పటికే ఆరు వేలకు పైగా ఉన్నారు. దీవుల్లో ఉన్నవాళ్లకు నాలుగు రెట్లు! వాళ్లకు మాత్రం ఓటు లేదు. కొడుకులూ కూతుళ్లూ అక్కడుంటే, ఆ బంధం ఏమాత్రం సడలినా ఇక్కడి తల్లిదండ్రులకు గుబులే కదా.

జెండా వచ్చింది

ఓడిపోయిన 446 మంది గొడవ చేయలేదు. గెలిచిన 246 మంది బాణసంచా కాల్చలేదు. ఆ చర్చను కొంతకాలం పక్కనపెట్టి బడులు, వైద్యం, ఓడల సంగతి చూసుకుందామని రెండు ప్రభుత్వాలూ అనుకున్నాయి. 2012లో మూడు దీవుల్లోనూ సౌరఫలకాలు పెట్టుకుని, డీజిల్ కోసం ఓడవైపు చూడక్కర్లేకుండా కరెంటు తెచ్చుకున్నారు. స్వయంపాలనకన్నా ముందు వెలుగు వచ్చిందన్నమాట. ఐక్యరాజ్యసమితి దగ్గరున్న, సొంత పాలన లేని భూభాగాల జాబితాలో మాత్రం టోకెలావ్ పేరు అలాగే ఉండిపోయింది.

నిజానికి ఈ కథలో అసలు ప్రశ్న పదహారు ఓట్లది కాదు. ఏడొందల మంది ఓటర్లున్న చోట, ఓడినవాడూ గెలిచినవాడూ మర్నాడు ఒకే పడవలో వేటకు వెళ్లాలి. పట్టిన చేపల్ని ఒకేచోట పోసి పంచుకోవాలి. అలాంటి చోట సగం మందిని కాదని ముందుకెళ్లడం కన్నా, ఇంకొంతమంది వచ్చేదాకా ఆగడమే మేలని వాళ్లకు తోచింది. ఆ ఓపికకు వాళ్లు చెల్లించిన మూల్యం... సొంత పాలన.

2009లో టోకెలావ్‌కు సొంత జెండా వచ్చింది. నీలిరంగు మీద నాలుగు నక్షత్రాలు, వాటివైపు సాగుతున్న ఒక తెరచాప పడవ. అది ఇంకా ఒడ్డు చేరలేదు. అలాగని ఎవర్నీ నీళ్లలో వదిలేసీ పోలేదు!