తాళం చేతికిచ్చే ముందు..
పదో తరగతి గట్టెక్కి ఇంటర్‌లో చేరిన పల్లె బాలుడికి ప్రయాణమే తొలి పరీక్ష. కళాశాల వేళకు బస్సు రాని ఊళ్లలో తండ్రి ద్విచక్ర వాహనమే దిక్కవుతోంది. పొలానికి, దుకాణానికి పంపడంతో మొదలైన అలవాటు ముగ్గురు మిత్రులతో రహదారి ఎక్కేదాకా వెళుతోంది.

శిక్ష పెద్దలకే..

తల్లిదండ్రుల సమ్మతితో 16 ఏళ్లకు లైసెన్సు లభించేది 50 సీసీకి మించని గేర్లు లేని వాహనానికే. ఊళ్లలో తిరిగే పెట్రోలు బండ్లు ఇంచుమించు 100 సీసీ, ఆపైవే. వాటికి 18 ఏళ్లు నిండాల్సిందే. 2019లో సవరించిన మోటారు వాహన చట్టం ప్రకారం మైనరు నేరానికి సంరక్షకుడు లేదా యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా ఉంటాయి. వాహన రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. తెలియకుండా తీసుకెళ్లాడంటే చాలదు, నిరూపించుకోవాలి. ఆ బాలుడికి 25 ఏళ్లదాకా లైసెన్సు రాదు. ఆటో, లారీ నడిపి బతకాలనుకునే కుటుంబానికి ఇది జరిమానాను మించిన దెబ్బ.

దాచితే తీరదు..

తాళం దాచినంత మాత్రాన అవసరం తీరదు. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో ఆరంభమైంది. వేళకు బస్సే లేని ఊరి విద్యార్థినికి ఆ సదుపాయమూ అక్కరకు రాదు. కళాశాల వేళలకు తగ్గట్టు సర్వీసులు నడపాలని గ్రామస్థులు, ప్రిన్సిపాళ్లు కలిసి డిపో అధికారులను కోరడం తక్షణ కర్తవ్యం. అంతవరకు దగ్గరి దూరాలకు సైకిలే మేలు. 18 నిండాక లెర్నర్ లైసెన్సు, కనీసం 30 రోజుల సాధన, తలపై హెల్మెట్.. స్వేచ్ఛను ఇలా మెట్టుమెట్టుగా అందిస్తేనే బిడ్డ క్షేమంగా ఇల్లు చేరతాడు.