మూడో ఎత్తు

మా ఇంట్లో ఉండి చదువుకునే మేనల్లుడు చదరంగం బల్లను అటకెక్కించి పది రోజులైంది. ఆ పాపం నాదే.

వాడికి పదమూడేళ్లు. ఎత్తులు నేర్చి ఏడాది కాలేదు. బుద్ధిగా గుర్రాన్నీ, శకటునూ బయటికి తెచ్చుకుని, రాజును కోటలో దాచుకుని ఆడుకునేవాడు. అలాంటివాడికి 1851లో లండనులో ఆండర్సన్, కీసెరిట్‌స్కీతో ఆడిన ఆట చూపించాను. ఒక శకటును, రెండేనుగులను, చివరికి మంత్రిని కూడా ధారపోసి, రెండు గుర్రాలతో, ఒక్క శకటుతో ఆట కట్టించిన మహానుభావుడాయన! ఆ ఆట మొదలయ్యేది కింగ్స్ గాంబిట్‌తో. అంటే రెండో ఎత్తులోనే, రాజు పక్క శకటు ముందున్న బంటును రెండిళ్లు తోసి, ఎదుటివాడికి ఎర వెయ్యడమన్నమాట. మా తాతగారి ఆటలో బంటు మొదట కూడా ఒక్క ఇల్లే నడిచేది. వాళ్లకింత తొందర లేదు.

వాడికి పూనకం వచ్చింది. మర్నాడే బడి పోటీలో అదే ఆడాడు. ఎదుటివాడు ఎర తిన్నాక, మూడో ఎత్తు రాజు వైపు గుర్రం. ఎదుటి మంత్రి అంచుకు వచ్చి చెక్ చెప్పకుండా అది కాపలా కాస్తుంది. వీడు గుర్రాన్ని మరచి, మంత్రి ముందరి బంటును తోశాడు. మంత్రి రానే వచ్చి చెక్ అన్నాడు. ఆండర్సన్‌కూ ఆ చెక్కే తగిలింది కదా అని వీడి ధీమా. నిజమే, కాని ఆయన శకటును ముందే కదిపాడు గనక రాజు ఆ ఖాళీ ఇంట్లోకి తప్పుకున్నాడు. వీడి శకటు కదలనే లేదు. బంటును అడ్డం వేశాడు, అదీ పోయింది. అప్పుడు గుర్రాన్ని మంత్రి మీదికి దూకించాడు. తిన్న ఆ బంటే ఒక ఇల్లు ముందుకు జరిగి దారి వదిలింది. వెనకనున్న మంత్రి మళ్లీ చెక్. వీడు సంబరంగా మంత్రిని కొట్టేశాడు. బంటు మూలనున్న ఏనుగును మింగి తానే కొత్త మంత్రయి కూచుంది. అంతా కలిపి ఆరెత్తులు!

"పసివాడి చేతికి కత్తి ఇస్తారటండీ?" అని మందలించారు పక్కింటి ప్లీడరుగారు. నేనూరుకుంటానా? 1960లో స్పాస్కీ ఈ గాంబిట్‌తోనే ఫిషర్‌ను ఓడించాడనీ, ఫిషర్ 1961లో దీని పని అయిపోయిందని వ్యాసం రాసి, 1963లో తానే ఆడి గెలిచాడనీ ఏకరువు పెట్టాను.

"వాళ్లు ఫిషర్లు, స్పాస్కీలు. మీవాడు ఎనిమిదో క్లాసు" అన్నారాయన.

నా దగ్గర జవాబు లేదు. ఆ ఎత్తుగడ కుర్రాళ్లు ఆడకూడనిదని ఇప్పటికీ నేననుకోను. త్యాగాలన్నీ ఊరిస్తూ చూపించిన నేను, ఆ గుర్రం ఎందుకొస్తుందో మాత్రం చెప్పలేదు.

నిన్న రాత్రి భోజనాలయ్యాక అటక మీద చప్పుడైంది. ఎలుక కాబోలనుకున్నాను.

"మామయ్యా, ఆ కాపలా గుర్రం కుడివైపుదా, ఎడమవైపుదా?"

"తెల్లవాటికైతే కుడిదేరా" అంటూ కళ్లజోడు వెతుక్కున్నాను.