రోగానికి పేరు పెట్టే వైద్యులు

ఏ ఊరికి బదిలీ అయినా, కొత్త తరగతిలో మేము అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పెద్దయ్యాక ఏమవుతారు?" ఉత్తరాదిలో అడిగినా దక్షిణాదిలో అడిగినా సగం మంది "డాక్టర్" అంటారు. ఏ డాక్టరని అడిగితే గుండె డాక్టర్, కళ్ల డాక్టర్, ఆపరేషన్లు చేసే డాక్టర్. పాథాలజిస్టునవుతానని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. తప్పు పిల్లలది కాదు. ఆ పని గురించి మాకే తెలియదు. తెలిసివచ్చింది ఒక ఆరో తరగతి అబ్బాయి వల్ల.

ఇంతకు ముందు పనిచేసిన బడిలో ఆ అబ్బాయి ఆటల పీరియడ్‌లో నాలుగడుగులు పరుగెత్తి కూర్చుండిపోయేవాడు. బద్ధకమనుకుని కోప్పడ్డాం. జ్వరం తగ్గి మళ్లీ వచ్చేది. ముఖం పాలిపోయింది. దెబ్బ తగలకుండానే కాళ్ల మీద కమిలిన మచ్చలు. చివరికి రక్తపరీక్ష చేయించారు. గాజుపలక మీద పరిచిన రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసిన పాథాలజిస్టు, ఉండకూడని కణాలున్నాయని గుర్తించి పెద్దాసుపత్రికి పంపించారు. అక్కడ ఎముక మూలుగ పరీక్ష చేశారు. పూర్తి రిపోర్టుకు రోజులు పట్టింది. "మాస్టారూ, తీసింది చిటికెడు, చూడ్డానికి ఇన్ని రోజులా?" అని వాళ్ల నాన్నగారు ఫోనులో మండిపడ్డారు. మేమూ వంత పాడాం.

ఆ కోపం పొరపాటని ఇప్పుడు ఒప్పుకుంటున్నాం. లుకేమియా అని చెబితే సరిపోదు. అది ఏ రకం కణాల నుంచి పుట్టిందో తేల్చాలి. గడ్డ అయితే ఇంకా పని ఉంటుంది. తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొరలుగా కోసి, రంగులద్ది చూస్తారు. పిల్లలకు వచ్చే న్యూరోబ్లాస్టోమా, ఈవింగ్ సార్కోమా, లింఫోమా వంటివి మైక్రోస్కోపులో చిన్న చిన్న గుండ్రటి నీలి కణాలుగా ఇంచుమించు ఒకేలా కనబడతాయి. చికిత్సలు మాత్రం వేరు. అందుకే మరికొన్ని ప్రత్యేక పరీక్షలు చేస్తారు. రోగమొకటి, మందొకటి కాకూడదు కదా! తొందరలో వచ్చిన తప్పు పేరు కన్నా, నాలుగు రోజులు ఆగి వచ్చిన సరైన పేరే బిడ్డను కాపాడుతుంది.

అయితే ఆలస్యమంతా శాస్త్రం వల్లనే కాదు. దగ్గరలో మంచి ల్యాబు లేక, నిపుణులు లేక పోయే కాలమూ ఉంది. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా నయమవుతుంటే, చాలా పేద దేశాల్లో 30 శాతం కూడా నయం కావడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోగాన్ని ఆలస్యంగా లేదా తప్పుగా గుర్తించడం దానికొక కారణం. మనం నిలదీయాల్సింది మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషిని కాదు. జిల్లా జిల్లాకూ అలాంటి ల్యాబులు, నిపుణులు కావాలని అడగాలి.

ఈ కథలో మన భీమవరానికీ చోటుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి చూసిన బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒక పాథాలజిస్టు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు గుణం కనిపించిందని 1948లో ఆయన ప్రకటించారు. ఆ మందుకు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ లుకేమియా పిల్లలకు వాడుతున్నారు.

మా అబ్బాయికి చికిత్స రెండేళ్లకు పైగా సాగింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఆ రిపోర్టు మీద సంతకం చేసిన డాక్టరు గారిని ఆ కుటుంబం ఒక్కసారి కూడా చూడలేదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఉన్నట్టుండి నీరసించిన పిల్లవాణ్ని కోప్పడే ముందు ఇంటికి ఒక ఫోను చేద్దాం. తల్లిదండ్రులారా, ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో పరీక్ష వాయిదా వేయకండి. పిల్లలూ, మీ సైన్సు ల్యాబులో ఉల్లిపొరను మైక్రోస్కోపు కింద పెట్టి చూసినప్పుడు కళ్లు తిప్పుకోలేకపోయారా? అయితే ఈసారి మేము అడిగినప్పుడు ఇంకో రకం డాక్టరు పేరు కూడా చెప్పండి.