బందరు డచ్చి సమాధులు - ఎవరి వారసత్వం?

మాది రెడ్డిగూడెం. మామిడితోటల మెట్ట ప్రాంతం. ఉమ్మడి కృష్ణా జిల్లాలో బందరు మాకు పేరుకు జిల్లా కేంద్రమే గాని, కలెక్టరు కచేరీలో పని పడితే తప్ప మావాళ్ళెవరూ అటు వెళ్ళేవారు కారు. 2022లో జిల్లాలు విడిపోయి మా మండలం ఎన్టీఆర్ జిల్లాలో చేరాక ఆ పని కూడా లేకుండా పోయింది. అటువంటి బందరుకు ఈమధ్య పనిగట్టుకొని వెళ్ళాను. అదీ శ్మశానం చూడటానికి! (ఇంట్లో ఏమన్నారో ఇక్కడ వ్రాయను.)

పురావస్తుశాఖవారి రక్షణలో ఉన్న డచ్చివారి సమాధులను, వెంట ఒక మార్గదర్శి ఉండి, నడిపిస్తూ చూపించే కార్యక్రమమది. 'వారసత్వ నడక' అని పేరు పెట్టారు. ఇరవైమందిమి పోగయ్యాము. చాలామంది హైదరాబాదు, విజయవాడల నుంచి వచ్చినవారు. మెడలో కెమెరాలు, చేతిలో నీళ్ళసీసాలు. మార్గదర్శి చదువుకున్న కుర్రవాడు, మంచివాడు, మాటకారి. ముందుగానే చెబుతున్నాను, నా తగువు అతనితో కాదు.

సమాధులు చూడదగ్గవే. సందేహం లేదు. నేల మీద పరచిన పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు, వంశచిహ్నాలు. 17వ శతాబ్దం నడిమి నుంచి 18వ శతాబ్దం మొదటి పాదం దాకా ఇక్కడ పోయిన కంపెనీ ఉద్యోగులవీ, వారి కుటుంబాలవీ. మూడు వందల యాభై ఏళ్ళ వానలకు, ఉప్పుగాలికి తట్టుకొని ఆ అక్షరం ఇంకా చేతికి తగులుతున్నది. అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి 1897లోనే మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడాల మీద ఒక పెద్ద గ్రంథం వేసి, వీటికీ చోటిచ్చాడు. అనగా వీరి పేర్లు రాతి మీద ఒకసారి, కాగితం మీద మరొకసారి భద్రమైనవి.

మార్గదర్శి ఒక్కొక్క రాయి దగ్గర ఆగి కథ చెప్పాడు. సముద్రాలు దాటి వచ్చి, ఈ ఎండకు, జ్వరాలకు తాళలేక, పుట్టిన ఊరు మళ్ళీ చూడకుండానే కన్నుమూసిన మనుషులని. వింటున్నవాళ్ళలో ఒకామె కళ్ళు తుడుచుకున్నది. నాకూ మనసు కలుక్కుమన్న మాట నిజం. చావు ఎవరిదైనా చావే గదా. చివర అతను అన్నాడు: "ఇది మనందరి వారసత్వం."

ఆ 'మన' దగ్గరే నాకు అడ్డుపడింది.

వీరు ఇక్కడికి ఎందుకు వచ్చారు? ఆ గంటన్నరలో ఆ ముక్క ఒక్క వాక్యంలో తేలిపోయింది: "వస్త్రవ్యాపారం కోసం." ఆ వాక్యం లోపల ఎంత ఉందో చూడండి. 1602లో ఏర్పడిన డచ్చి కంపెనీ మూడేళ్ళు తిరక్కుండానే బందరు రేవులో దిగింది. తూర్పు దీవుల్లో మిరియం, లవంగం, జాజికాయ కొనాలంటే అక్కడివారు అడిగింది మన గుడ్డ. ఆ గుడ్డ కోసం దళారుల ద్వారా సాలెవాళ్ళకు ముందుగా బయానా డబ్బులిచ్చి, మగ్గాన్ని అప్పుకు కట్టేశారు. నూలు ధర పెరిగినా, కరువు వచ్చినా, గుడ్డ నమూనాకు తగ్గట్టు లేదని తిప్పికొట్టినా, బాకీ మాత్రం నేతగాడి నెత్తిమీదే. చిరివేరుతో ఎరుపు, నీలిమందుతో నలుపునీలం తేల్చిన అద్దకంవాళ్ళ సంగతీ అంతే. ఆ రాతి మీది వంశచిహ్నాల ఖర్చు ఎక్కడిదనుకున్నారు?

ఇది కోస్తాతో ఆగిన కథ కాదు. మా మెట్టకు పొరుగున, నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచలో 1669 నుంచి 1687 దాకా డచ్చి కొఠీ నడిచింది. మా తాతల తాతలు నేసిన గుడ్డ బండ్లకెక్కి బందరు చేరిందని నేను రుజువు చూపలేను గాని, మాది మగ్గం మీద బతికిన కుటుంబం. కాబట్టి ఆ సమాధుల మధ్య నిలబడి నేను అతిథిని కాను, ఒక విధంగా బాకీదారుల తరఫువాణ్ణి.

ఇంకొక మాట అసలే రాలేదు. ఇదే కంపెనీ కోరమండల్ తీరం నుంచి మనుషులనూ కొన్నది. కరువులు, యుద్ధాలు వచ్చిన ఏళ్ళలో, ముఖ్యంగా పులికాటు, నాగపట్నం వైపు రేవుల నుంచి, ఆకలికి తమను తాము, తమ బిడ్డలను అమ్ముకున్నవారిని బటావియాకు, సింహళానికి వేల సంఖ్యలో ఓడలకెక్కించారు. ఆ చీకటి వ్యాపారంలో దక్షిణ రేవులదే పెద్ద పాత్ర, సరే. కాని కంపెనీ ఒకటే, లెక్కల పుస్తకం ఒకటే. కళ్ళు తుడుచుకున్న ఆ తల్లికి ఈ సంగతి కూడా చెప్పి ఉంటే ఆమె కన్నీటిలో కొంత వాటా అటు కూడా దక్కేది.

నడక అయ్యాక అతణ్ణి అడిగాను: "బాబూ, వీళ్ళకు గుడ్డ నేసినవాళ్ళను, అద్దినవాళ్ళను ఎక్కడ పూడ్చారు?"

"అది మన రూట్లో లేదండి సార్," అన్నాడు పాపం, నవ్వుతూ.

రూట్లో లేనివి ఇంకా ఉన్నాయి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి బందరును, చుట్టుపట్ల పల్లెలను ముంచెత్తినప్పుడు పోయినవారు ముప్పైవేలమందని అంచనా. ఒక్క రాత్రిలో! ఈ ఊరు మొత్తం వారి శ్మశానమే. డచ్చి రాళ్ళ దగ్గర గంటన్నర గడిపినవాళ్ళం ఆ ముప్పైవేలమందికి అర నిమిషమైనా ఇవ్వలేదు.

ఇంతవరకు చదివి, 'అయితే ఆ రాళ్ళు పీకి పారేయమంటావా?' అనేవారుంటారు. నాకు తెలిసిన ఒక పెద్దాయన నిజంగానే అలా అన్నాడు: దొరల గోరీలకు ప్రజల డబ్బుతో కాపలా ఏమిటి, ఆ స్థలంలో ఒక కల్యాణమండపం కట్టుకోవచ్చు గదా అని. ఆయనతోనూ నాకు పొత్తు కుదరదు. రాయి పీకేస్తే బాకీ రద్దయిపోతుందా? అవి అప్పుపత్రాలు. భద్రంగానే ఉండాలి. చదివేటప్పుడు రెండు వైపులా చదవమంటున్నాను, అంతే.

రెండో వాదం ఇంకా మెత్తనిది. 'మనవాళ్ళు రాతి మీద పేర్లు వేసుకోలేదు, చూపించడానికి ఏముంది?' అంటారు. ఇది అబద్ధం. మా ప్రాంతంలోని జగ్గయ్యపేటకే వెళ్ళి చూడండి. ఊరి పక్క దిబ్బను జనం ధనం బోడు అనేవారు. అది బౌద్ధ స్తూపం, అనగా అదీ ఒక విధంగా సమాధే. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో ఏటి శాసనం బయటపడింది. వేయించినవాడు రాజు కాదు, సేనాని కాదు; సిద్ధార్థుడనే శిల్పి, నాగచంద్రుడి కొడుకు. తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలిపి, తన పేరుతోపాటు తల్లి పేరు, భార్య పేరు, కొడుకు పేరు, కూతురి పేరు చెక్కించుకున్నాడు. పదిహేడు వందల ఏళ్ళ నాడు మా మెట్టలో చేతిపనివాడికి తన ఇంటిల్లిపాది పేర్లూ రాతికెక్కించే స్తోమత, ధైర్యం ఉన్నాయి. మరి 1650 నాటి నేతగాడికి ఎందుకు లేకపోయాయి? అడగవలసిన ప్రశ్న ఇది. నడకలు దీనితో మొదలు కావాలి.

ఆ స్తూపాన్ని మనం ఏం చేశామో కూడా చెప్పుకోవాలి, పరాయివాళ్ళనే ఆడిపోసుకుంటే న్యాయం కాదు. బేతవోలు జగ్గయ్యపేట అయిన కాలంలో దాని పలకలు ఇళ్ళ కట్టుబడికి తరలిపోయాయి. అవతల అమరావతిలో శిల్పాలను సున్నం బట్టీలకెత్తారు. మిగిలినవాటిలో పేరుమోసిన మాంధాత చక్రవర్తి ఫలకం చూడాలంటే చెన్నపట్నం మ్యూజియానికి పోవాలి.

మా ఇళ్ళలో పూడ్చే ఆచారం. మా ముత్తాతను ఎక్కడ మన్ను చేశారో చూపించమని ఆ మధ్య మా బాబాయిని అడిగాను. ఇప్పుడక్కడ ఎవరిదో మామిడితోట. కంచె బయట నిలబడి, "ఇదుగో, ఈ వరసలోనేరా అబ్బాయ్, రెండు చెట్లు అటో ఇటో," అన్నాడు. తోట కొన్నవాడు మంచివాడే, లోపలికి వెళ్ళి చూసుకోమన్నాడు. చూడటానికి ఏమీ లేదు.

బందరులో వలందపాలెం అని ఒక పేట ఉంది. హాలండువాళ్ళు మన నోట వలందులయ్యారు. ఫ్రెంచివారి పేరు పరాసుపేటలో, ఇంగ్లీషువారి పేరు ఇంగ్లీషుపాలెంలో నిలిచాయి. పొరుగువాడి పేరును మన నాలుకకు తగ్గట్టు తిప్పి, మూడు శతాబ్దాలు మోసిన ఊరది. ఆ ఊరి నడకను వలందపాలెంలో మొదలుపెట్టి, పెడనలో నేటికీ అద్దకం పని చేస్తున్నవారి ముంగిట ముగించవచ్చు. మధ్యలో సమాధులూ చూడవచ్చు. అదీ తెలుగులో, మొన్నటి నడకలో మూడు వంతులు ఇంగ్లీషే.

వెళ్ళబోయే ముందు అందరికీ ఒక్కొక్క కాగితమిచ్చి, అభిప్రాయం వ్రాయమన్నారు. నేను ఈ సంగతులే క్లుప్తంగా వ్రాసి, జగ్గయ్యపేట శాసనం సంగతి కూడా చేర్చి, కింద నా చిరునామా ఇచ్చి వచ్చాను. జవాబు ఇంకా రాలేదు.